ఇంజను నూనెకు పక్కదారి

రైలు కూత వినపడని మా ఎల్లంతకుంట నుంచి వెళ్లి కాజీపేట డీజిల్ షెడ్డులో చేరినవాణ్ణి నేను. అక్కడ మా చేతుల్లో ఎక్కువగా నలిగింది డబ్ల్యూ.డి.ఎం.-2 ఇంజను. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. 1962లో అమెరికాలోని ఆల్కో కంపెనీ నుంచి వచ్చింది, 1964 నుంచి వారణాసిలో తయారైంది.

ఇంజను ప్రాణమంతా నూనెలోనే ఉంటుంది. నూనెలో మసి, లోహపు రజను చేరితే బేరింగులు అరుగుతాయి. బేరింగు పట్టేసిందా, క్రాంక్‌షాఫ్టుకే ముప్పు. బండి నడిదారిలో ఆగిపోతుంది.

1923లో అమెరికాలో ప్యూరోలేటర్ అనే ఆయిల్ ఫిల్టర్ వచ్చింది. ఆ తొలినాళ్ల ఫిల్టర్లు బైపాస్ రకానివే. పంపు తోడిన నూనెలో కొద్ది పాయ మాత్రమే ఫిల్టరులోకి పోయి, శుభ్రపడి మళ్లీ సంపులో పడేది. నూనె మొత్తాన్ని వడగట్టే ఫుల్‌ఫ్లో ఫిల్టర్లు తర్వాత వాడుకలోకి వచ్చాయి. వాటికొక ఇబ్బంది ఉంది. నూనె ధార ఆగకూడదు గనుక జల్లెడ మరీ సన్నగా ఉండరాదు. అది పూడుకుపోతే బైపాస్ వాల్వు తెరుచుకొని మురికి నూనే బేరింగులకు పోతుంది. (కొత్త కుర్రాళ్లు ఈ వాల్వుకూ బైపాస్ ఫిల్టరుకూ తేడా తెలియక తికమకపడేవారు. పేరు ఒకటే, పని పూర్తిగా వేరు.) పక్కదారి ఫిల్టరుకు తొందర లేదు. సన్నని మసిని కూడా నిదానంగా పట్టగలదు.

మా ఇంజన్లో రెండూ ఉండేవి. పెద్ద డ్రమ్ములో కాగితపు ఫిల్టర్లు, పక్కన బైపాసు. తర్వాత దాని స్థానంలో సెంట్రిఫ్యూజ్ వచ్చింది. నూనె ఒత్తిడికే లోపలి రోటరు గిర్రున తిరిగి, మసి గోడకు నల్లని ముద్దగా అంటుకునేది. విప్పి గీకితే చేతులు రెండు రోజులు నల్లగానే ఉండేవి. ఇంట్లో అన్నం కలపాలన్నా మొహమాటమే!

నూనె మరీ ఎక్కువగా పట్టే పెద్ద ఇంజన్లకు ఒక్క బైపాసు చాలదు. అలాంటిచోట రెండు మూడింటిని పక్కపక్కన బిగిస్తారు. ఒకదాని వెనుక ఒకటి కాదు, ఒక్కోదానికి ఒక్కో సన్నని రంధ్రం. రంధ్రం పెద్దదైతే అసలు దారిలో ఒత్తిడి పడిపోయి, కాపాడవలసిన బేరింగే ఎండిపోతుంది.

ఫిల్టర్లు ఎన్ని ఉన్నా మేము ల్యాబు రిపోర్టు కోసమే ఎదురుచూసేవాళ్లం. రాగి, సీసం పెరిగితే బేరింగు అరుగుతున్నట్టు, సిలికాన్ పెరిగితే దుమ్ము చొరబడినట్టు. డీజిలో, నీళ్లో కలిసిన నూనెను మాత్రం మా ఫిల్టర్లేవీ బాగుచేయలేకపోయేవి. అది పారబోసి, కారే చోటు వెతకవలసిందే.