గురి మీద నిలిచిన చూపు: ట్యాంకు విధ్వంసక క్షిపణి వాహనాల పరిణామం

రెండో ప్రపంచ యుద్ధం దాదాపు ముగిసేవరకు ట్యాంకుకు ప్రధాన శత్రువు ఫిరంగి. ఫిరంగి గుండు ఉక్కు కవచాన్ని తన వేగంతోనే చీల్చాలి కనుక, కవచం మందం పెరిగిన కొద్దీ ఫిరంగి పొడవూ బరువూ, దాన్ని మోసే వాహనం బరువూ పెరుగుతూ పోయాయి. జర్మనీ 1944లో తయారు చేసిన యాగ్డ్‌టైగర్ అనే ట్యాంకు వేట వాహనం 70 టన్నులు దాటి, తన బరువును తానే మోయలేని స్థితికి చేరింది. ఈ చిక్కు నుంచి బయటపడే మార్గాన్ని శంఖాకార పేలుడు గుండు చూపింది. పేలుడు పదార్థం ముందుభాగాన్ని శంఖువులా లోపలికి తొలిచి, ఆ గుంటకు రాగి వంటి లోహపు రేకును తొడిగితే, పేలిన క్షణంలో ఆ రేకు సన్నని ధారగా మారి కవచంలోకి చొచ్చుకుపోతుంది. ఈ పనికి గుండు వేగంతో నిమిత్తం లేదు కాబట్టి, మెల్లగా ఎగిరే చిన్న రాకెట్ సైతం సరిగ్గా తగిలితే భారీ ట్యాంకును నాశనం చేయగలదు. అయితే సరిగ్గా తగిలేలా దాన్ని నడిపించేది ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎంతసేపు? ఈ వాహనాల కవచం, ఎత్తు, ఆకారం ఆ ప్రశ్నకు ఆయా కాలాల్లో దొరికిన జవాబును బట్టే మారుతూ వచ్చాయి.

తీగ ద్వారా ఆదేశాలు అందుకునే ట్యాంకు విధ్వంసక క్షిపణిని యుద్ధం చివరి దశలో జర్మన్ ఇంజనీరు మాక్స్ క్రామర్ ఎక్స్-7 పేరుతో రూపొందించినా, అది రణరంగంలో చెప్పుకోదగ్గ పాత్ర వహించక ముందే యుద్ధం ముగిసింది. ఆ ఆలోచనను ఫ్రాన్స్ అందుకుని, 1955లో ఎస్‌ఎస్‌-10ను సైన్యంలో ప్రవేశపెట్టింది. సోవియట్ యూనియన్ తన తొలి క్షిపణి ష్మెల్‌ను మొదట గాజ్-69 జీపు మీదా, తర్వాత బీఆర్‌డీఎం అనే తేలికపాటి కవచ వాహనం మీదా అమర్చింది. వీటన్నిటిలోనూ పద్ధతి ఒక్కటే: క్షిపణి తోక నుంచి సన్నని తీగ విప్పుకుంటూ పోతుంది, గురికాడు ఒక కంట క్షిపణినీ మరో కంట ట్యాంకునూ కనిపెడుతూ చిన్న పిడికర్రతో దాన్ని మళ్లిస్తాడు. వదిలిన వెంటనే క్షిపణి అదుపులోకి రాదు కనుక, మొదటి కొన్ని వందల మీటర్ల లోపల ఉన్న శత్రువును అది ఏమీ చేయలేదు.

1963లో వచ్చిన సోవియట్ క్షిపణి మల్యూత్కా ఈ పద్ధతికి పరాకాష్ఠ. బీఆర్‌డీఎం లోపల దాగిన ఆరు క్షిపణులు, అవసరమైనప్పుడు తమ పైకప్పుతో సహా పైకి లేచేవి. కాల్చాక మళ్లీ లోపలికి దిగేవి. పైకి ఇది పకడ్బందీ ఏర్పాటే, కానీ గరిష్ఠ దూరమైన 3000 మీటర్లు చేరడానికి మల్యూత్కాకు సుమారు 26 సెకన్లు పట్టేది, ఆ 26 సెకన్లూ గురికాడి చూపు చెదరకూడదు. 1973 అక్టోబర్ యుద్ధంలో ఈజిప్టు సైనికులు ఇవే క్షిపణులను పెట్టెల్లో మోసుకెళ్లి సూయజ్ కాలువ తూర్పు ఒడ్డున ఇజ్రాయెల్ ట్యాంకులను తొలి రోజుల్లో తీవ్రంగా దెబ్బతీశారు. అయితే కొద్ది రోజుల్లోనే ఇజ్రాయెల్ సైనికులు క్షిపణి వచ్చే దిక్కున గుళ్ల వర్షం కురిపించి గురికాడిని తల దించుకునేలా చేయడం నేర్చుకున్నారు. క్షిపణి గాలిలో ఉండగానే దాన్ని నడిపించే మనిషి చేయి వణికితే చాలు. గురికాడిని వాహనం నుంచి దూరం చేసే ఏర్పాటు విలువ ఇక్కడే తెలుస్తుంది. బ్రిటన్ 1976లో సైన్యంలోకి తెచ్చిన స్ట్రైకర్ అనే తేలిక కవచ వాహనం పూర్తిగా గుట్ట వెనుక దాగి ఉండగా, గురికాడు దూరదర్శినితో సుమారు 100 మీటర్ల దూరంలో వేరే చోట పడుకుని స్వింగ్‌ఫైర్ క్షిపణిని నడిపించగలిగేవాడు.

సోవియట్ ప్రయోగాల్లో ఐటీ-1ది విచిత్రమైన కథ. క్షిపణుల యుగం వచ్చాక ఫిరంగికి కాలం చెల్లిందని సోవియట్ నాయకుడు నికిటా క్రుశ్చేవ్ గట్టిగా నమ్మిన రోజుల్లో దాని రూపకల్పన సాగింది. టీ-62 ట్యాంకు నుంచి ఫిరంగిని తీసేసి 15 డ్రాకోన్ క్షిపణులను నింపగా వచ్చిన ఈ వాహనం 1968లో సైన్యంలో చేరింది. ట్యాంకంత బరువున్నా, 300 మీటర్ల లోపలికి వచ్చిన ట్యాంకును ఎదుర్కోవడానికి దానికి మెషిన్‌గన్ తప్ప దిక్కు లేదు. కొద్ది ఏళ్లకే దాన్ని పక్కన పెట్టారంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

తర్వాతి మలుపు గురికాడి చేతి నుంచి పిడికర్రను తప్పించింది. క్షిపణి తోకలోని వెలుగును యంత్రమే గమనిస్తూ, అది చూపు రేఖ నుంచి ఎంత తొలగిందో లెక్కగట్టి సరిదిద్దే ఏర్పాటు వచ్చాక, మనిషి తన దూరదర్శినిలోని గుర్తును ట్యాంకు మీద నిలిపి ఉంచితే సరిపోయింది. పశ్చిమ జర్మనీ ఇందుకు కొత్త వాహనాలు కట్టలేదు. ఎస్‌ఎస్‌-11 క్షిపణులతో 1960వ దశకంలో తయారైన 300కు పైగా పాత వాహనాలకే హాట్ క్షిపణులు అమర్చి యాగ్వార్-1 అని పేరు పెట్టింది. అమెరికా ఎం-113 సైనిక రవాణా వాహనం మీద పొడవైన చేతికి సుత్తి తలలాంటి పెట్టెను తగిలించి, అందులో రెండు టో క్షిపణులను ఉంచి ఎం-901ను సృష్టించింది. వాహనం దిబ్బ వెనుక దాగి ఉండగా సుత్తి తల మాత్రమే బయటికి కనిపించేది. సోవియట్ యూనియన్ 1970వ దశకం చివరలో తెచ్చిన క్షిపణి వాహనం ష్టుర్మ్-ఎస్‌లో తీగ స్థానాన్ని రేడియో ఆక్రమించింది, క్షిపణి వేగం ధ్వని వేగాన్ని మించింది, చూపు నిలపాల్సిన సెకన్లు ఆ మేరకు తగ్గాయి.

ఈ చరిత్రలో భారతదేశపు అధ్యాయం ఎక్కువగా హైదరాబాద్ చుట్టుపక్కలే నడిచింది. 1970లో ఏర్పడిన భారత్ డైనమిక్స్ సంస్థ ఫ్రెంచి లైసెన్సుతో ఎస్‌ఎస్‌-11 క్షిపణులను తయారు చేస్తూ పని మొదలుపెట్టింది. 1983లో ఏపీజే అబ్దుల్ కలాం నేతృత్వంలో ఆరంభమైన సమగ్ర క్షిపణి అభివృద్ధి పథకంలోని అయిదు క్షిపణుల్లో నాగ్ ఒకటి. లక్ష్యం వెలువరించే వేడిని చిత్రంగా చూసి, వదిలాక తనంతట తానే వెంటాడి, ట్యాంకు కవచం పలుచగా ఉండే పైభాగం మీద పడేలా దాన్ని ఉద్దేశించారు. దాన్ని మోసే నమికా అనే వాహనం, సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో తయారయ్యే బీఎంపీ-2 కవచ వాహనం ఆధారంగా రూపొందింది. పైకి లేచే దాని ప్రయోగ పెట్టెలో ఆరు క్షిపణులు ఉంటాయి. చూపు భారాన్ని క్షిపణికే అప్పగించినా ఆ చూపుకూ ఒక లోపం ఎదురైంది. రాజస్థాన్ ఎడారిలో వేసవి మధ్యాహ్నం ఇసుకా ఉక్కూ ఒకే తీరున కాగిపోయే వేళ, దూరాన ఉన్న ట్యాంకును పరిసరాల నుంచి వేరుచేసి గుర్తించడం తొలి పరికరాలకు కష్టమైంది. మరింత సూక్ష్మంగా చూడగల పరికరాన్ని సిద్ధం చేయడానికి ఏళ్లు పట్టాయి. చివరి వినియోగ పరీక్ష 2020 అక్టోబర్‌లో పోఖ్రాన్‌లో జరిగింది. క్షిపణిని వదలడానికి ముందే లక్ష్యాన్ని దానికి చూపించాల్సి ఉంటుంది కాబట్టి, నమికాలోని గురికాడి కన్ను పూర్తిగా అక్కరలేకుండా పోలేదు. అది చేసే పని, క్షిపణి బయలుదేరిన తర్వాతి క్షణాల నుంచి బయలుదేరక ముందరి క్షణాలకు మారింది. ఈ వాహన వ్యవస్థ కొనుగోలుకు రక్షణ మంత్రిత్వ శాఖ సుమారు 1,801 కోట్ల రూపాయల ఒప్పందం మీద సంతకం చేసింది 2025 మార్చిలో, పథకం ఆరంభమైన 42 ఏళ్లకు.