చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లకు సైకిల్ దారి.. వేయాలంటే ఏం కావాలి?

గ్రూప్స్‌కు చదివేవాళ్లకు అశోక్‌నగర్ హాస్టల్, కోచింగ్ సెంటర్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ.. అన్నీ రెండు, మూడు కిలోమీటర్ల లోపే. నడిస్తే టైం పోతుంది, ఆటోకు డబ్బులు పోతాయి. సైకిల్‌కు సరిగ్గా సరిపోయే దూరం. కానీ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ నుంచి నారాయణగూడ చౌరస్తా దాకా మెయిన్ రోడ్డుపై సైకిల్‌కు ప్రత్యేక లేన్ లేదు.

మరి హైదరాబాద్‌లో సైకిల్ ట్రాక్ ఉందిగా?

ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు వెంట 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు ట్రాక్‌ను 2023 అక్టోబర్ 1న ప్రారంభించారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వరకు 8.5 కి.మీ., నార్సింగి నుంచి కొల్లూరు వరకు 14.5 కి.మీ. పైకప్పు నుంచి 16 మెగావాట్ల కరెంటు. మంచిదే, కాకపోతే అది వ్యాయామానికి పనికొచ్చే ట్రాక్. చిక్కడపల్లి నుంచి అక్కడికి సైకిల్‌ను కారులో వేసుకుని వెళ్లాల్సిందే! నెట్‌వర్క్ అంటే ఇంటి నుంచి పని దాకా తెగకుండా సాగే దారి.

ఇక్కడ జాగా ఎక్కడుంది?

అసలు చిక్కు ఇదే. మెయిన్ రోడ్డు మధ్యలో మెట్రో పిల్లర్లు, రెండు వైపులా పార్కింగ్, బండ్లు. ఇందిరా పార్కు నుంచి వీఎస్టీ వరకు స్టీల్ బ్రిడ్జి 2023 ఆగస్టు 19న తెరిచారు. వాహనాలు పైకెక్కాయి. కింద మిగిలిన రోడ్డు ఎవరిదన్న ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

ప్రతి రోడ్డుకూ ట్రాక్ అక్కర్లేదు. బస్సులు, కార్లు వేగంగా వెళ్లే చోట సైకిల్‌ను అడ్డుకట్టతో వేరు చేయాలి. రంగు గీత ఒక్కటే గీస్తే సాయంత్రానికి అది పార్కింగ్ అవుతుంది. గల్లీల్లో అయితే వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు తగ్గించి, అడ్డదారిగా దూసుకొచ్చే బండ్లను ఆపితే చాలు. అందుకే అశోక్‌నగర్ లోపలి వీధుల నుంచి లైబ్రరీ మీదుగా చిక్కడపల్లి మెట్రో స్టేషన్‌కు దారి కలపడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. 2020 ఫిబ్రవరి 7న మొదలైన జేబీఎస్-ఎంజీబీఎస్ మెట్రో మార్గంలో నారాయణగూడ స్టేషన్ కూడా ఉంది. రెండు చోట్లా తాళం వేసుకునే స్టాండ్లు కావాలి. ఎక్కువ జాగ్రత్త పడాల్సింది చౌరస్తాల దగ్గర. ఎడమకు తిరిగే బస్సు డ్రైవర్‌కు పక్కనున్న సైకిల్ కనిపించదు. సైకిళ్లు ముందుగా కదిలేలా సిగ్నల్ పెట్టాలి.

2020లో కేంద్రం నిర్వహించిన 'సైకిల్స్ ఫర్ చేంజ్' పోటీలో గెలిచిన 11 నగరాల్లో మన వరంగల్ ఉంది. పాత, ఇరుకు రోడ్లున్న ఊళ్లోనూ ప్రయత్నం చేయొచ్చని అర్థం.

ఎవరిని అడగాలి?

రోడ్డు, ఫుట్‌పాత్ జీహెచ్ఎంసీవి. సిగ్నళ్లు, నో పార్కింగ్ ట్రాఫిక్ పోలీసులవి. మ్యాన్‌హోల్ మూతలు జలమండలివి. జీహెచ్ఎంసీ కాల్‌సెంటర్ 040-21111111. సోమవారం ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. 'సైకిల్ ట్రాక్ కావాలి' అని మాత్రమే రాస్తే ఫైలు కదలదు. ఏ వీధి నుంచి ఏ వీధికి, మధ్యలో ఎక్కడ అడ్డు ఉందో ఫొటోలతో రాసి, రసీదు నంబరు దాచుకోండి.