సిసిలీ దేశవాళీ ద్రాక్షలు, సహజ వైన్లు

మధ్యధరా దీవుల్లోకెల్లా పెద్దదైన సిసిలీలో వైన్ చరిత్ర గ్రీకుల రాకకంటే పాతది. షాకా పట్టణం దగ్గరి మోంతె క్రోనియో గుహలో దొరికిన రాగియుగపు జాడీలో వైన్ ఆనవాళ్లు ఉన్నాయని 2017లో పరిశోధకులు ప్రకటించారు. క్రీ.పూ. 8వ శతాబ్దంలో వచ్చి స్థిరపడ్డ గ్రీకులు సాగును విస్తరించారు.

దీవి పేరును దూరదేశాలకు మోసింది మాత్రం మార్సాలా. 1773లో ఇంగ్లిష్ వర్తకుడు జాన్ వుడ్‌హౌస్, ఓడ ప్రయాణంలో చెడిపోకుండా స్థానిక వైన్‌లో సారా కలిపి ఎగుమతి చేశాడు. 19వ శతాబ్దం చివర్లో ఫిలోక్సెరా పురుగు వేళ్లు తినేసి తోటలను నాశనం చేసింది. ఆ తర్వాత చాలాకాలం సిసిలీ వైన్ పీపాల లెక్కన ఇటలీ ఉత్తరాదికి వెళ్లి, అక్కడి పలచటి వైన్లకు రంగు, ఘాటు ఇచ్చేది. దిగుబడి ముందు రుచిని అడిగినవారు తక్కువ.

అయినా రకాలు మిగిలాయి. ఎట్నా అగ్నిపర్వతపు ఇసుక నేలల్లో ఫిలోక్సెరా బతకలేదు. అంటుకట్టని, వందేళ్లు దాటిన తీగలు అక్కడ ఇప్పటికీ కాస్తున్నాయి. ఆ వాలుల్లో నెరెల్లో మస్కలేసె లేత ఎరుపు వైన్‌ను, కరికాంతె పుల్లటి తెల్ల వైన్‌ను ఇస్తాయి. ఆగ్నేయాన విత్తోరియాలో సువాసన గల ఫ్రప్పాతోను ముదురు నీరో దావొలాతో కలిపి ‘చెరసువోలో’ అనే వైన్ చేస్తారు. పడమట కతర్రాత్తో, ఇన్జోలియా, గ్రిల్లోలది రాజ్యం. గ్రిల్లో, కతర్రాత్తోకూ జిబిబ్బోకూ పుట్టిన సంకరమని జన్యు పరీక్షలు తేల్చాయి. గాలి హోరెత్తే పాంతెల్లేరియా దీవిలో ఆ జిబిబ్బోను పందిరి లేకుండా, గుంతల్లో పొట్టి పొదలుగా పెంచుతారు. ఈ సాగు పద్ధతిని 2014లో యునెస్కో అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది.

సహజ వైన్ల వరస 1980 ప్రాంతంలో మొదలైంది. మార్కో దె బార్తోలి సారా కలపకుండా, పాత పీపాల్లో ఏటా కొత్త వైన్ పోస్తూ ‘వెక్కియో సాంపేరి’ తయారుచేశాడు. సారా కలపలేదు కాబట్టి చట్టప్రకారం దానికి మార్సాలా అనే పేరు దక్కలేదు. వుడ్‌హౌస్ రాకముందటి పద్ధతికి ఈ గతి పట్టడం విడ్డూరమే. అదే కాలంలో విత్తోరియాలో మొదలైన కాస్ సంస్థ తర్వాత మట్టిబానల్లో పులియబెట్టడం చేపట్టింది. 2001లో ఎట్నాకు వచ్చిన బెల్జియన్ ఫ్రాంక్ కోర్నెలిసెన్ వైన్ చెడకుండా కలిపే సల్ఫైట్లను కూడా వద్దన్నాడు.

‘సహజ వైన్’కు యూరోపియన్ యూనియన్ చట్టంలో నిర్వచనం లేదు. కాయమీది ఈస్ట్‌తోనే పులియనివ్వడం, వడపోతను, కలిపే పదార్థాలను వీలైనంత తగ్గించడం అన్నవి తయారీదారులు పాటించే కట్టుబాట్లు. ఎట్నాలోని ఇలాంటి తయారీదారుల్లో పలువురు ఆ ప్రాంతపు అధికారిక ముద్ర కాకుండా, నిబంధనలు సడలిన ‘తెర్రె సిచిలియానె’ పేరుతో సీసాలు అమ్ముతారు.