భుజంతో వాయించినవాడు

తలుపు నెట్టుకుని లోపలికి రండి. బయట నవంబర్ చలి, లోపల జనం ఊపిరి వేడి. ఇది పశ్చిమ లండన్‌లోని యాక్టన్ టౌన్ హాల్. 2002 నవంబర్ 15, శుక్రవారం రాత్రి. పెద్ద సంగీతశాల ఏమీ కాదు, మునిసిపాలిటీ సభామందిరం. మన రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలు లాంటిదే అనుకోండి. మీ చుట్టూ ఉన్నవాళ్లలో అగ్నిమాపక సిబ్బంది ఉన్నారు. దేశమంతా వాళ్లు చేసిన నలభై ఎనిమిది గంటల సమ్మె ఈ సాయంత్రం ఆరింటికే ముగిసింది. ఏడాదికి 30,000 పౌండ్ల జీతం వాళ్ల డిమాండు. ఈ కచేరీ ఆ సమ్మెకు మద్దతుగానే.

వేదిక మీద యాభై ఏళ్ల మనిషి. చేతిలో నల్లటి టెలికాస్టర్ గిటారు, రంగు ఊడి లోపలి పొరలు బయటపడుతున్నాయి. గిటారిస్టును చూసేవాళ్లు మామూలుగా వేళ్లు చూస్తారు. ఇతని దగ్గర వేళ్లు వదిలేయండి. కుడి భుజం చూడండి. ఆరు తీగలూ ఒక్క దెబ్బకి మోగాలి, లేదా ఏదీ మోగకూడదు. భుజం దిగుతుంది, ముంజేయి దిగుతుంది, హాలు గోడలు అదురుతాయి. కాలు నేలను తంతూనే ఉంటుంది. పేరు జో స్ట్రమ్మర్. పాతికేళ్ల కిందట ద క్లాష్ అనే పంక్ రాక్ బృందానికి గొంతూ లయా ఇతనే.

'బ్యాంక్‌రాబర్' పాట మొదలైంది. అప్పుడే జనంలోంచి ఒక సన్నటి మనిషి కదిలాడు. వేదిక ఎక్కాడు. గిటారు అందుకుని తీగ తగిలించుకున్నాడు. మీ పక్కవాడు నోరు తెరిచి చూస్తున్నాడు. ఎందుకంటే అతను మిక్ జోన్స్. క్లాష్ బాణీల్లో సగం ప్రాణం అతనిదే. 1983లో స్ట్రమ్మరే అతన్ని బృందంలోంచి వెళ్లగొట్టాడు. పంతొమ్మిదేళ్ల తర్వాత ఇద్దరూ ఒకే వేదిక మీద. ముందుగా అనుకున్నది కాదు, ఎవరూ పిలిచింది కాదు. ఆ తర్వాత 'లండన్స్ బర్నింగ్' అందుకున్నారు. ఊరు తగలబడుతోందని పాట, వింటున్నది మంటలార్పేవాళ్లు.

ఇక్కణ్ణుంచి నాతో పదేళ్లు వెనక్కి రండి. రాయపూర్. మే నెల మధ్యాహ్నం. డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీ, అంటే వ్యాగన్ల మరమ్మతు కార్ఖానా కాలనీ. కిటికీకి బిగించిన కూలర్ గడగడమంటోంది, వట్టివేళ్ల తడి వాసన. పక్కింటివాళ్లు బోరే బాసీ అంటారు, మేం చద్దన్నం అంటాం. రెండిళ్లలోనూ అదే మధ్యాహ్న భోజనం. మా నాన్నది పార్వతీపురం వైపు. 1931లో విజయనగరం నుంచి రాయపూర్ దాకా పట్టాలు పూర్తయ్యాక ఆ దారి వెంట వచ్చిన తెలుగు కుటుంబాలెన్నో ఇక్కడున్నాయి. రాయగడ, టిట్లాగఢ్, మహాసముంద్ దాటి వచ్చే విశాఖ పాసింజరు మాకు సొంతూరి నుంచి వచ్చే చుట్టం.

ఖరగ్‌పూర్‌లో పనిచేసే మేనమామ ఆ సెలవులకి ఒక క్యాసెట్ తెచ్చాడు. అట్ట మీద ఒకతను గిటారును ఎత్తి నేలకేసి కొట్టబోతున్నాడు. టేప్‌రికార్డర్‌లో పెట్టాను. నాన్న డ్యూటీ దిగి వచ్చి, పెరట్లో కిరోసిన్‌తో చేతుల గ్రీజు వదిలించుకుంటున్నాడు.

"ఏట్రా ఆ మోత?"

ఆపేయబోయాను. "ఉండనీ," అన్నాడు. చేతులు తుడుచుకుంటూ గడప దగ్గర నిలబడి రెండు పాటలు పూర్తిగా విన్నాడు. ఒక్క మాటా అర్థం కాలేదు ఆయనకి. చివరికి అన్నాడు, "ఈడు చేత్తో వాయించట్లేదురా. భుజంతో వాయిస్తన్నాడు."

రివిట్టు కొట్టేవాడికి తెలిసిన సంగతి అది. మణికట్టుతో సుత్తి ఎత్తితే గంటలో చెయ్యి పడిపోతుంది. భుజంతో ఎత్తితే షిఫ్టు మొత్తం లాగుతావు. స్ట్రమ్మర్ గురించి ఆ తర్వాత నేను చాలా చదివాను. ఆ గిటారు గురించి నాన్న అన్నంత సరైన మాట నాకింకా దొరకలేదు.

అతని అసలు పేరు జాన్ గ్రాహం మెల్లర్. 1952 ఆగస్టు 21న అంకారాలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ విదేశాంగ శాఖలో గుమాస్తాగా చేరి పైకి వచ్చినవాడు. ఆ తండ్రి పుట్టింది మన లక్నోలో. తాత ఇక్కడి రైల్వేల్లో పనిచేశాడు. ఈ సంగతి తెలిసిన రోజున మా కాలనీలో ఎవరికి చెప్పాలో తెలియక స్టేషన్ దాకా నడిచివెళ్లి ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాను.

ఇప్పుడు లండన్ భూగర్భ రైలు స్టేషన్. 1970ల మొదటి రోజులు. తెల్ల పలకల గోడల మధ్య ఒకతను ఫిడేలు వాయిస్తున్నాడు, పేరు టైమన్ డాగ్. పక్కన ఒక కుర్రాడు వచ్చేపోయేవాళ్ల దగ్గర చిల్లర పోగుచేస్తున్నాడు. ఆర్ట్ కాలేజీ వదిలేసినవాడు. ఇతనికి పదిహేడేళ్లప్పుడు అన్న ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ దుఃఖం గురించి ఎవరితోనూ పెద్దగా మాట్లాడడు. ముందు ఉకులేలే పట్టుకున్నాడు, నాలుగే తీగలు కదా అని. తర్వాత గిటారు. ఇతనిది ఎడమచేతివాటం. అయినా గిటారు కుడిచేతివాళ్లలాగే పట్టుకోవడం నేర్చుకున్నాడు. అంటే తీగలు మీటాల్సింది బలం తక్కువున్న చెయ్యి. ఒక్కో తీగనీ విడివిడిగా పలికించే నాజూకు ఆ చేతికి ఎన్నటికీ రాలేదు. అన్నీ కలిపి కొట్టడమే వచ్చు. దాన్నే స్ట్రమ్మింగ్ అంటారు. తనకు రానిదాన్ని దాచుకోలేదు, అదే పేరుగా పెట్టుకున్నాడు.

1973లో వేల్స్‌లోని న్యూపోర్ట్‌లో శ్మశానంలో పని. 1974లో మళ్లీ లండన్. వాల్టర్టన్ రోడ్డులో 101 నంబరు ఇల్లు, ఖాళీగా పడి ఉన్న కొంపలో మిత్రులంతా కాపురం పెట్టేశారు. ఆ ఇంటి నంబరే బృందం పేరయింది, ద వన్ ఓ వన్నర్స్. 1975లో ఒక విదేశీ యువతికి బ్రిటన్‌లో ఉండే అనుమతి కోసం పేరుకు పెళ్లి చేసుకున్నాడు. అందుకు దక్కిన డబ్బుతో టెలికాస్టర్ కొన్నాడు. 1966 నాటిది. చచ్చేదాకా అతని చేతిలో ఉన్నది ఆ గిటారే.

1976 ఏప్రిల్ 3. నాష్‌విల్ రూమ్స్ అనే పబ్బు. ఆ రాత్రి పెద్ద బృందం స్ట్రమ్మర్‌ది. ముందు వాయించే చిన్న బృందం పేరు సెక్స్ పిస్టల్స్. గోడకి ఆనుకుని స్ట్రమ్మర్ వాళ్లని చూస్తున్నాడు. వాళ్లకి వాయించడం సరిగ్గా రాదు. జనం మెప్పు కోసం ఒక్క అడుగూ వంగరు. వాళ్లు ఒక పాట ముగించేసరికి తన బృందం నిన్నటిదైపోయిందని అతనికి అర్థమైంది. కొన్ని వారాల్లోనే దాన్ని వదిలేశాడు. మిక్ జోన్స్, పాల్ సిమొనన్‌లతో కలిసి క్లాష్ కట్టాడు. గిటారు మీద మోటారు కార్లకు కొట్టే బూడిదరంగు ప్రైమర్, దాని మీద నలుపు. జూలై 4న షెఫీల్డ్‌లోని బ్లాక్ స్వాన్‌లో తొలి ప్రదర్శన.

పంక్ అంటే చింపిరి జుట్టు, పిన్నీసులు అనుకునేవాళ్లకి ఒక మాట. అసలు సంగతి అనుమతి అడగకపోవడం. సంగీతం పూర్తిగా వచ్చాక వేదిక ఎక్కుదాం అనుకుంటే పేదవాడు ఎప్పటికీ ఎక్కలేడు. రాయపూర్‌వాళ్లకి ఇది వేరే చెప్పాలా? 1923లో ఈ ఊళ్లో పుట్టిన హబీబ్ తన్వీర్ లండన్‌లో నాటకం చదివి వచ్చి, ఆ నగిషీ అంతా పక్కన పెట్టి, నాచా అనే జానపద నాటకం ఆడే పల్లె కళాకారుల్ని వాళ్ల ఛత్తీస్‌గఢీలోనే మాట్లాడనిచ్చాడు. అలా కట్టిన 'చరణ్‌దాస్ చోర్' నాటకం 1982లో ఎడిన్‌బరోలో ఫ్రింజ్ ఫస్ట్ బహుమతి గెలిచింది. వచ్చిన భాషలో, వచ్చినంతలో, సిగ్గుపడకుండా. ఈ ఇద్దర్నీ నేను పక్కపక్కనే పెట్టుకుంటాను.

1977 జనవరిలో సీబీఎస్ కంపెనీ లక్ష పౌండ్లకు క్లాష్‌తో ఒప్పందం చేసుకుంది. అమ్ముడుపోయారని తిట్టినవాళ్లున్నారు. తర్వాత ఏం చేశారో చూడండి.

1978 ఏప్రిల్ 30. తూర్పు లండన్, విక్టోరియా పార్కు. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి వేలమంది నడుచుకుంటూ వస్తున్నారు, జెండాలు, ఈలలు. మీరూ ఆ గుంపులో నడవండి. మన రంగు చర్మమున్నవాళ్లకి ఆ రోజుల్లో లండన్ వీధులు భద్రం కాదు. 1976 జూన్‌లో సౌతాల్‌లో గుర్‌దీప్ సింగ్ చగ్గర్ అనే కుర్రాణ్ణి పొడిచి చంపారు. అదే ఏడు ఆగస్టులో బర్మింగ్‌హామ్ వేదిక మీద ఎరిక్ క్లాప్టన్, అంతటి గిటారిస్టు, వలస వచ్చినవాళ్లని వెళ్లగొట్టాలన్న ఇనాక్ పావెల్‌కి జై కొట్టాడు. ఆ మాటకి జవాబుగా పుట్టిందే రాక్ అగెయినస్ట్ రేసిజం ఉద్యమం, ఆ ఉద్యమం పెట్టిన సభే ఈ పార్కులోది. వేదిక మీద స్ట్రమ్మర్ భుజం లేస్తోంది, పడుతోంది. వేళ్ల నైపుణ్యంలో క్లాప్టన్ ముందు ఇతను లెక్కలోకే రాడు. అయినా ఇద్దరిలో ఎవరి గిటారు మనవాళ్ల పక్కన నిలబడిందో చెప్పడానికి సంగీతశాస్త్రం అక్కర్లేదు. ఆ సభ అయిన నాలుగు రోజులకే, మే 4న, వైట్‌చాపెల్‌లో అల్తాబ్ అలీ అనే బెంగాలీ కార్మికుణ్ణి చంపారు. అలాంటి కాలం అది.

1979 డిసెంబర్‌లో 'లండన్ కాలింగ్'. రెండు రికార్డుల ఆల్బం, ధర ఒకదానిదే. నా క్యాసెట్ అట్ట మీది బొమ్మ దానిదే. న్యూయార్క్ పల్లాడియంలో సిమొనన్ బేస్ గిటారును నేలకేసి కొడుతుండగా పెన్నీ స్మిత్ తీసిన ఫొటో. మరుసటి డిసెంబర్‌లో 'శాండినిస్టా!', ఏకంగా మూడు రికార్డులు. ధర పెంచకుండా ఉండేందుకు బ్రిటన్‌లో మొదటి రెండు లక్షల ప్రతుల మీద తమ రాయల్టీ వదులుకున్నారు. 1981లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లోని బాండ్స్‌లో ఎనిమిది ప్రదర్శనలు ఒప్పుకున్నారు. హాలు పట్టేదానికన్నా ఎక్కువ టికెట్లు అమ్మేశారని అధికారులు అడ్డుపడితే, కొన్నవాళ్లెవరూ నష్టపోకూడదని పదిహేడు ప్రదర్శనలిచ్చారు. ఆ భుజం ఎంత నొప్పి పడిందో నాన్ననడిగితే చెప్పేవాడు.

తప్పులూ చేశాడు. 1982లో మాదకద్రవ్యాలకు బానిసైన డ్రమ్మర్ టాపర్ హెడన్‌ని తీసేశారు, మరుసటి ఏడు జోన్స్‌ని. కార్మికుల ఐక్యత గురించి పాడినవాడు తన సాటి పనివాళ్లని నిలుపుకోలేకపోయాడు. అతని జీవితంలో పెద్ద తప్పు అదేనని నేననుకుంటాను, అతనూ తర్వాత బాధపడ్డాడు. 1986కల్లా క్లాష్ లేదు. ఆ తర్వాత పదేళ్లకు పైగా సినిమా పాటలు, చిన్న వేషాలు, చాలావరకు నిశ్శబ్దం. 1999లో మెస్కలెరోస్ అనే కొత్త బృందంతో తిరిగొచ్చాడు. చిన్న హాళ్లు, మళ్లీ మొదట్నుంచి.

అలా ఆ యాక్టన్ హాలు దగ్గరికి వచ్చాం. ఆ రాత్రికి సరిగ్గా ముప్పై ఏడు రోజులకి, 2002 డిసెంబర్ 22న, స్ట్రమ్మర్ ఇంట్లోనే గుండె ఆగి చనిపోయాడు. పుట్టుకతోనే గుండెలో లోపముందని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. అంత్యక్రియల్లో అగ్నిమాపక సిబ్బంది యూనిఫాంలో వరసగా నిలబడి వందనం చేశారు.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రానికి రెండేళ్లు నిండిన చలికాలం. నాన్న రిటైరై వరండాలో ఎండకి కూర్చున్నాడు. పేపర్లో చూసిన వార్త చదివి వినిపించాను. ఆయనకి గుర్తుంది.

"భుజంతో వాయించినోడు కదూ?"

ఔనన్నాను. సమ్మె కచేరీ సంగతీ చెప్పాను. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. 1974 మే 8 నుంచి 27 దాకా పదిహేడు లక్షల మంది రైల్వే కార్మికులు చేసిన సమ్మెలో ఆయనా ఉన్నాడు. ఆ ఇరవై రోజులూ ఇంట్లో గంజే. అమ్మ గాజులు అప్పుడే తాకట్టుకి వెళ్లాయి. ఆ రాత్రుల్లో కార్ఖానా గేటు దగ్గర డప్పు కొట్టి పాడినవాళ్ల పేర్లు ఆయన అప్పుడప్పుడూ వరసగా చెప్పేవాడు. జీతం లేనివాడికి పాట ఏం చేస్తుందో ఆయనకి తెలుసు.

"మరి ఆళ్లకి జీతం పెరిగిందా?" అని అడిగాడు.

అప్పటికింకా తేలలేదు. మరుసటి ఏడు జూన్‌లో తేలింది. నలభై శాతం అడిగినవాళ్లకి మూడేళ్లలో పదహారు శాతం. వచ్చి చెప్పాను. తలూపాడు.

2005లో ఇంకో కబురు తెచ్చాను. ఫిబ్రవరి 12న బ్రిస్టల్ టెంపుల్ మీడ్స్ స్టేషన్లో ఒక డీజిల్ ఇంజినుకి పలక బిగించారు. పలక మీద పేరు జో స్ట్రమ్మర్. నాన్న కళ్లజోడు తీసి తుడుచుకుని, వ్యాగన్ల మనిషి అడిగే ప్రశ్నే అడిగాడు.

"నంబరెంత?"

47828.