బొంతల మూట

తెలుగులో బొంతకు మర్యాద లేదు. ఎవరికైనా తగని సంబంధమో, తగిన సంబంధమో కుదిరితే "గంతకు తగ్గ బొంత" అని నవ్వుతారు. నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తే పత్రికలు "అతుకుల బొంత" అని శీర్షిక పెడతాయి. అతుకు వేయడమే నేరమైనట్టు, ఒకే తాను నుంచి చింపిన గుడ్డకే పరువున్నట్టు. ఆ బొంతకూ పరుపుకూ దూది ఏకి ఇచ్చిన మనిషి కులం పేరైతే ఏకంగా తిట్టు అయిపోయింది. "పింజారి" అనే మాట తెలుగు సినిమాల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్క లేదు. మా ఇళ్ళలో మాట్లాడే ఉర్దూలో మాత్రం ఇంకో మాట ఉంది: "గుద్‌డీ కా లాల్". బొంతలో దాగిన మాణిక్యం అని అర్థం. పేదింట్లో పుట్టిన ఘనుణ్ణి అలా అంటారు. ఈ రెండు భాషలూ మావే. బొంత విషయంలో మాత్రం రెండూ రెండు దారులు.

మేము ఇక్కడ చెప్పదలచుకున్నది బొంత కుట్టు అందం గురించి కాదు. కుట్టక ముందు సంగతి. గుడ్డలు ఎలా పోగయ్యేవి, ఎలా వేరుచేసేవారు, ఏ గుడ్డ ఎక్కడిదో, ఎవరిదో ఎలా గుర్తుంచుకునేవారు అన్న సంగతి. ఇందూరు అనే పాత పేరున్న నిజామాబాద్ పట్నంలోనూ, బోధన్ చెరుకు పల్లెల్లోనూ మా నానీలు, దాదీలు, ఖాలాలు బతుకంతా చేసిన పని ఇది. దీన్ని ఎవరూ పని అనలేదు. చరిత్ర అని అసలే అనలేదు.

మా ఇళ్ళలో పాత గుడ్డల మూట ఒక్కటి ఉండదు. కనీసం మూడో నాలుగో ఉంటాయి. మెత్తబడిన నూలు చీరెలు, లుంగీలు, కుర్తాలు ఒక మూట. ఇవి బొంత కడుపులోకి పోతాయి. ఎంత పాతవైతే అంత మెత్తన, అంత వెచ్చన. చీరెల అంచులు, కొంగులు, ఇంకా బిగువు తగ్గని ముక్కలు రెండో మూట. ఇవి పై పొరకూ, అంచు పట్టీకీ పనికొస్తాయి. దర్జీ దుకాణం నుంచి తెచ్చుకున్న కత్తిరింపు ముక్కలు మూడోది. రంగు దిగే కొత్త గుడ్డను రెండు మూడు సార్లు నానబెట్టి ఉతికి ఆరేస్తే గానీ మూటలోకి రానివ్వరు. ఒక్క ముక్క రంగు వదిలితే బొంత మొత్తం పాడవుతుంది. గుండీలు, హుక్కులు ఊడదీసి వేరే డబ్బాలో వేస్తారు. పాత చీరె అంచు నుంచి లాగిన గట్టి పోగులు కర్రపుల్లకు చుట్టి పెడతారు. మూట మడతల్లో ఎండు వేపాకు. వానాకాలం పోగానే మూటలన్నీ విప్పి ఎండలో పరచడం. అప్పుడే లెక్క కూడా చూసుకోవడం: ఎన్ని బొంతలకు సరిపడా ఉంది, ఏ రంగు తక్కువైంది, ఏది చీకిపోయింది. కొలత జానలతో, మూరలతో. లెక్క నోటితో.

నాలుగో మూట వేరు. అది చిన్నది. అందులో చనిపోయినవాళ్ళ బట్టలు ఉంటాయి. పుట్టిన పిల్లల మొదటి జుబ్బాలు ఉంటాయి. పెళ్ళినాటి ఖడా దుపట్టా చినిగితే ఆ ముక్క అందులోకే పోతుంది. పీర్లకు కట్టిన దట్టీ, దర్గా నుంచి తబర్రుక్‌గా వచ్చిన చాదర్ ముక్క మాత్రం ఏ మూటలోకీ రావు. అవి పైన, తాకుల్లో. కాళ్ళకింద పరిచేదానిలో వాటిని కుట్టరు. వర్ని దగ్గర బడా పహాడ్ దర్గాకు హిందువులూ ముస్లింలూ కలిసే ఎక్కుతారు. అక్కడి నుంచి తెచ్చుకున్న ఆకుపచ్చ ముక్కను ఇరుగుపొరుగు హిందూ ఇళ్ళలో కూడా పైనే పెట్టుకోవడం చూశాం. ఏది కుట్టాలి, ఏది కుట్టకూడదు అన్న ఈ వివేకాన్ని ఏ మౌల్వీ సాబూ మా అమ్మీలకు నేర్పలేదు.

ఇంత లెక్క ఎక్కడా రాసి లేదు. రాత రాని చేతులు పెట్టుకున్న దఫ్తర్ అది. ఒక బొంతను పరిచి అడిగితే చాలు. ఈ నీలం గళ్ళ ముక్క ఫలానా మామూ లుంగీ, ఈ గులాబీ పూల ముక్క ఫలానా ఆపా నిఖాకు కొన్నది, ఇది కరువునాడు పంచిన గుడ్డ అని వరసగా చెప్పుకుపోతారు. కూతురు పక్కన కూర్చుని సూదికి దారం ఎక్కిస్తూ ఈ వరసను నేర్చుకుంటుంది. మగవాళ్ళకు వంశవృక్షం అంటే తండ్రి పేరు, తాత పేరు. బొంత చెప్పే వంశంలో అమ్మలు, అత్తలు, ఆడబిడ్డలు, పెళ్ళికాక మిగిలిపోయిన ఖాలాలు కూడా ఉంటారు. పట్టాలోనూ, రేషన్ కార్డులోనూ వాళ్ళకు చోటెక్కడ?

బోధన్ ప్రాంతం చరిత్ర అనగానే నీటి కథ, చక్కెర కథ చెబుతారు. నిజమే. మంజీర మీద 1923లో మొదలుపెట్టిన నిజాంసాగర్ 1931కి పూర్తయింది. దాని వెనుక ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. కాలువ వచ్చింది, చెరుకు వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది, దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కాలువల వెంట దిగితే వాళ్ళ ఊళ్ళకు "క్యాంపు" అనే పేరు నిలిచింది. గానుగాట సరిగ్గా చలికాలంలోనే సాగుతుంది. తెల్లవారుజామున చెరుకు నరికేవాళ్ళకూ, బండ్ల మీద వంతు కోసం రాత్రంతా కాచుకునేవాళ్ళకూ, రాత్రి షిఫ్టు కూలీలకూ కప్పుకోను ఏదో ఒకటి కావాలి. ఆ ఏదో ఒకటి బొంతే. ఖాళీ అయిన గోనె సంచి విప్పి, ఉతికి, అడుగు పొరగా వేసి, పైన నూలు గుడ్డలు పేర్చి కుడితే నేల చెమ్మ పైకి రాదు. చక్కెర తీపి గురించి రాసినవాళ్ళున్నారు. దాని సంచి మీద పడుకున్నవాళ్ళ గురించి రాసినవాళ్ళు తక్కువ.

గుడ్డ ఎక్కడి నుంచి వచ్చిందో కూడా చరిత్రే. ఊరి సాలెల మగ్గం నూలు మొదట. ఆ తర్వాత మిల్లు గుడ్డ. నాందేడ్‌లో ఉస్మాన్‌షాహీ మిల్లు, వరంగల్‌లో 1934లో ఆజంజాహీ మిల్లు. కలిగిన ఇళ్ళలో ఔరంగాబాద్ హిమ్రూ, మష్రూ. మష్రూ అంటేనే షరియత్ ఒప్పినది అని. మగవాడి ఒంటికి పట్టు తగలకూడదు కాబట్టి పైకి పట్టు, లోపల నూలు వచ్చేలా నేశారు. ఆ నవాబీ గుడ్డ చినిగి, పనివాళ్ళ చేతికి దానంగా వచ్చి, చివరికి ఏ బొంత మూలనో చేరేది. ఒకే బొంతలో దేవిడీ ముక్కా, కూలీ ముక్కా పక్కపక్కనే ఉంటాయి. బయట మాత్రం అలా కూర్చోనిచ్చిన రోజు లేదు.

దూదేకులవాళ్ళ సంగతి చెప్పకుండా ఈ కథ నడవదు. విల్లు భుజాన వేసుకుని వీధి వీధి తిరిగి, నారిని కొయ్య గూటంతో మీటి, గడ్డకట్టిన దూదిని పొగమంచులా విప్పినవాళ్ళు వాళ్ళు. దూది నింపిన రజాయి కలిగినింటిది, గుడ్డల మీద గుడ్డలు వేసిన బొంత లేనింటిది. రజాయి దూది ఏకినవాడు ఇంటికిపోయి కప్పుకున్నది బొంతే. వీళ్ళలో చాలామందికి ఇంట్లో తెలుగే భాష. పోతులూరి వీరబ్రహ్మం శిష్యుడిగా జనం తలచుకునే సిద్దయ్య దూదేకుల ఇంటి బిడ్డే. ఉర్దూ రాదని షరీఫులు వీళ్ళను పక్కకు పెట్టారు, సాయిబులని హిందువులు పక్కకు పెట్టారు. దూదేకుల, లదాఫ్, పింజారి, నూర్‌బాషా అనే పేర్లతో వెనుకబడిన తరగతుల్లో బి గ్రూపులో చోటు దక్కింది. మిగిలిన పేద ముస్లిం కులాలకు 2007 చట్టంతో ఇ గ్రూపు, 4 శాతం వచ్చేదాకా ముస్లింలలో కులమే లేదని వాదించినవాళ్ళు బయటా ఉన్నారు, మా లోపలా ఉన్నారు. బొంతను దూరం నుంచి చూస్తే ఒకే రంగు. దగ్గరికి వస్తేనే అతుకులు కనిపిస్తాయి. ముస్లింలు అంటే ఒకే ముద్ద అనుకునేవాళ్ళు దగ్గరికి రానివాళ్ళే.

1948 సెప్టెంబరు. పాఠ్యపుస్తకంలో పోలీసు చర్య ఐదు రోజులు. ఆ తర్వాత జరిగినదానికి పాఠం లేదు. సుందర్‌లాల్ కమిటీ తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు పోయాయని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు జనం చేతికి రాలేదు. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బతిన్నవని కమిటీ చెప్పిన నాలుగు జిల్లాల్లో నాందేడ్, బీదర్ ఉన్నాయి. రెండూ అప్పటి మా జిల్లాకు ఆనుకుని ఉన్నవే. రజాకార్ల దాష్టీకాన్ని మేము దాచడం లేదు. వాళ్ళతో ఏ సంబంధమూ లేని ఊరి దర్జీ, దూదేకుల మనిషి, కౌలు రైతు ఆ దాష్టీకానికి బాకీ ఎందుకు కట్టాడన్నదే మా ప్రశ్న. "మూటాముల్లె సర్దుకోవడం" అని తెలుగులో తేలిగ్గా అంటాం. ముల్లె లేనివాళ్ళు మూటే సర్దుకున్నారు. నడిచిపోయేవాళ్ళ నెత్తి మీది బొంత రాత్రికి పక్క, పగటికి నీడ, బిడ్డకు ఉయ్యాల. నివేదిక అల్మారాలో దశాబ్దాల పాటు పడుకుంది. ఆ సంవత్సరాల్లో ఎవరు పోయారో, ఎవరు తిరిగి రాలేదో మా నానీలు నాలుగో మూట విప్పి చెబుతూనే ఉన్నారు.

బతికినవాళ్ళు బీడీలకు దిగారు. నిజామాబాద్ బస్తీల్లో ముస్లిం, పద్మశాలి, దళిత ఆడవాళ్ళ ఒళ్ళో ఒకటే చాట. ఆకు నానబెట్టి తడిగుడ్డలో చుట్టడానికి కూడా పాత గుడ్డే కావాలి. 1966లో బీడీ కార్మికుల చట్టం వచ్చింది. అది వచ్చినా, వెయ్యి బీడీలు చుట్టేసరికి ఆ వేళ్ళకు సూది పట్టే ఓపిక మిగిలిందా? మూటలు పెరిగాయి, బొంతలు తగ్గాయి. సరిగ్గా అప్పుడే వీధిలోకి స్టీలు గిన్నెల గంపలు వచ్చాయి. పాత బట్టలివ్వండి, గిన్నె తీసుకోండి. ఐదు చీరెలకు ఒక గిన్నె. గిన్నె మెరిసింది. చీరెతోపాటు దాని కథ కూడా గంపలో వెళ్ళిపోయింది. ఆ తర్వాత గల్ఫ్. దుబాయ్, షార్జా, సౌదీ నుంచి కొడుకులు పెద్దపులి బొమ్మల కంబళ్ళు తెచ్చారు, పాలిస్టర్ బట్టలు తెచ్చారు. పాలిస్టర్ చెమట పీల్చదు, సూది కింద జారుతుంది, బొంతకు పనికిరాదు. దూదేకుల విల్లుకు బదులు మర వచ్చింది, పరుపుకు బదులు ఫోం వచ్చింది. మేము కంబళిని నిందించడం లేదు. చలికి వణికినవాడికి వెచ్చదనం వద్దని చెప్పే హక్కు ఎవరికుంది? అది కొన్న డబ్బు కూడా ఎడారి ఎండలో కాలిన ఒళ్ళదే.

ఈ కథ మా ఒక్కరిదే కాదు. ఉత్తర కన్నడ అడవుల్లో ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్ళ సంతతి సిద్దీలు కవంది అనే బొంత కుడతారు. ముస్లిం, క్రైస్తవ, హిందూ సిద్దీలు ముగ్గురూ కుడతారు. అంచు నుంచి మొదలుపెట్టి నడిమికి వస్తారు, నాలుగు మూలలా పూవు అనే చిన్న ముక్క పెడితే గానీ బొంత పూర్తయినట్టు కాదు. సింధ్‌లో రల్లీ, బెంగాల్‌లో కంథా. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లోనే కంథాను కథాకావ్యానికి పేరు చేశాడు. అమెరికాలో కరువు రోజుల్లో పిండి సంచుల గుడ్డతో ఆడవాళ్ళు బొంతలు కుడితే, అది చూసి మిల్లులవాళ్ళు సంచుల మీద పూలు అచ్చువేశారు. అలబామాలోని జీస్ బెండ్ అనే పల్లెలో బానిసల సంతతి నల్లజాతి ఆడవాళ్ళు చినిగిన పని బట్టలతో కుట్టిన బొంతలు 2002లో హ్యూస్టన్ మ్యూజియం గోడకెక్కాయి. 2006లో తపాలా బిళ్ళలయ్యాయి. గోడకెక్కాలన్నది మా కోరిక కాదు. ఒక జాతి తన చింకి గుడ్డలను చరిత్రగా చూపించగలిగింది, ప్రపంచం తల వంచి చూసింది. అంతవరకు మేమూ నేర్చుకోవచ్చు.

2002లో శక్కర్ ఫ్యాక్టరీలో పెద్ద వాటా ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరులో లేఆఫ్ ప్రకటించారు, గానుగ ఆగింది. శక్కర్‌నగర్ క్వార్టర్లు ఖాళీ అవుతూ వచ్చాయి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు మొదట పారేసేది పాత గుడ్డలే. నాలుగేళ్ళకు, 2019 డిసెంబరులో పౌరసత్వ సవరణ చట్టం వచ్చింది. దేశమంతా మావాళ్ళు కాగితాల కోసం వెతుక్కున్నారు. తాత పుట్టిన తేదీ ఏది, నానీ పుట్టిన ఊరు ఏది అని. పుట్టిన తేదీ బదులు "నిజాంసాగర్ కాలువ వచ్చిన ఏడు" అని చెప్పుకునే తరానికి కాగితం ఎక్కడిది? ఆమెకున్న రుజువు మూటలో ఉంది. ఏ కచేరీ ఆ రుజువును ఒప్పుకోదని మాకు తెలుసు. అది ఒప్పుకోకపోతే అబద్ధమైపోదు కదా.

అందుకని మేము అడిగేది పెద్ద పని కాదు. చదువుకున్న పిల్లలు ఇంట్లో మిగిలిన బొంతను ఒకసారి పరచి, అమ్మ పక్కన కూర్చుని, ముక్క ముక్కకూ పేరు, ఊరు, ఏడు అడిగి రాసుకోవాలి. ఉర్దూలో చెబితే ఉర్దూలో, తెలుగులో చెబితే తెలుగులో, రెండూ కలిపి చెబితే అలాగే. జ్ఞాపకం తప్పినచోట ఖాళీ వదలాలి గానీ పూరించకూడదు. స్టీలు గిన్నెకు వేసేముందు ఒక్కో బట్ట నుంచి జానెడు ముక్క కత్తిరించి దాచాలి. తెలంగాణ చరిత్ర రాస్తున్న సెక్యులర్ మిత్రులు కూడా కోటలు, ఫర్మానాలు, ఫ్యాక్టరీల దగ్గర ఆగకుండా ఈ మూటల దాకా రావాలి. చెప్పగలిగిన నానీలు ఇంకా కొందరు ఉన్నారు. వచ్చే చలికాలానికి ఎందరుంటారో తెలియదు.