బడికి వచ్చే కథల అతిథి

పిల్లల పుస్తకాలు రాసేవాళ్ళు బడికి వచ్చి, ఓ కథ చెప్పి, పుస్తకాల మీద సంతకాలు పెట్టి వెళ్ళడం ఈమధ్య నగరంలో కనిపిస్తోంది. మీ పిల్లల బడినుంచి కూడా ఎప్పుడో ఓ చీటీ వచ్చే ఉంటుంది, ఫలానా రచయిత వస్తున్నారు, పుస్తకం కావాలంటే డబ్బు పంపండి అని. ఇదేదో కొత్త ముచ్చట అనుకుంటాం గానీ, రచయితే పిల్లల దగ్గరికి వెళ్ళాలన్న ఆలోచనకు మన తెలుగువాళ్ళలో చాలా కాలపు చరిత్ర ఉంది. ఆ చరిత్రలో సగం ఒక స్త్రీది.

మద్రాసులో 1938 జూన్‌లో రేడియో కేంద్రం మొదలైంది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరులో గానీ రాలేదు. కోస్తాలో వాళ్ళు తెలుగు మాట వినాలంటే అప్పట్లో మద్రాసే దిక్కు. అక్కడ పిల్లల కార్యక్రమం నడిపిన దంపతులు న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి. పిల్లలు ఆయన్ని రేడియో అన్నయ్య అన్నారు, ఆవిణ్ణి రేడియో అక్కయ్య అన్నారు. మేష్టారూ అనలేదు, పంతులమ్మా అనలేదు చూశారా! పెట్టెలోంచి వచ్చే గొంతుకి ఇంటి వరస కలిసింది. వరస కలిశాక పిల్లలకు బెరుకెక్కడిది?

వాళ్ళు చేసిన గొప్ప పని కథలు చెప్పడమొక్కటే కాదు, పిల్లలచేత చెప్పించడం. పాటలు, నాటికలు, పొడుపుకథలు అన్నీ పిల్లల నోటనే వినిపించారు. 1940లో ఆంధ్ర బాలానంద సంఘం పెట్టారు. 1945లో ‘బాల’ పత్రిక తెచ్చారు. ముళ్ళపూడి వెంకటరమణ తొలి కథ ఆ ఏడే ‘బాల’లో అచ్చయింది. అప్పటికి ఆయనకు పద్నాలుగేళ్ళు! చిన్నతనంలో బాపు వేసిన బొమ్మలకూ ఆ పత్రికే చోటిచ్చింది. మనింట్లో పిల్లవాడు గోడమీద గీతలు గీస్తే కసురుకుంటాం. ఆ దంపతులు కాగితమిచ్చి, అచ్చువేశారు. తర్వాత ‘బుడుగు’ను మనకిచ్చింది ఆ ఇద్దరే కదూ!

ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక వాళ్ళు హైదరాబాదు వచ్చేశారు. నారాయణగూడలో బాలానందం పిల్లలతో కళకళలాడింది. అక్కయ్య 1980లో, అన్నయ్య 1984లో కన్నుమూశారు.

ఇంకో దేశం సంగతి కూడా చెప్తాను. హిట్లరు కాలంలో జర్మనీ విడిచి పారిపోయిన యూదు స్త్రీ జెల్లా లెప్‌మన్. యుద్ధం ముగిశాక తిరిగొచ్చి, అనేక దేశాలకు ఉత్తరాలు రాసి పిల్లల పుస్తకాలు అడిగి తెప్పించి, 1946లో మ్యూనిక్‌లో ప్రదర్శన పెట్టింది. 1949లో అక్కడే పిల్లల కోసం అంతర్జాతీయ గ్రంథాలయం వెలిసింది. శిథిలాల మధ్య కొనే స్తోమత ఎవరికుంది? అందుకే పుస్తకాన్ని చదివేందుకిచ్చింది, అమ్మజూపలేదు.

ఈ రెండు సంగతులూ జీడిమెట్లకు బాగా పనికొస్తాయి. హైదరాబాదంటే ఇప్పుడు అద్దాల మేడలే గుర్తొస్తాయి గానీ, జీడిమెట్లది ఫ్యాక్టరీల బతుకు. మందులు, రసాయనాలు, యంత్రాల విడిభాగాలు తయారుచేసే చోట పనికోసం శ్రీకాకుళం నుంచీ, ఒడిశా, బీహార్ల నుంచీ వచ్చిన కుటుంబాలున్నాయి. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకొకటి. 2018 చట్టంతో తెలంగాణ బడుల్లో తెలుగు తప్పనిసరి పాఠమైంది. మంచిదే. కానీ మార్కుల కోసం చదివిన భాష నోటికొస్తుందేమో, మనసుకెక్కాలంటే కథ కావాలి. రేడియో అన్నయ్య పుట్టిందీ తెలుగూ ఒడియా పక్కపక్కనే వినిపించే బరంపురంలోనే! రెండు భాషల పిల్లవాడు తెలుగుకు బరువు కాదని ఇంతకన్నా రుజువేం కావాలి?

అయితే రచయిత వచ్చిన రోజున, కొన్న పిల్లలు సంతకం కోసం వరసలో నిలబడితే, కొనలేని పిల్లలు వెనక బెంచీలో తలొంచుకు కూచుంటారు. ఆ చిన్నతనం కథకన్నా ఎక్కువ కాలం గుర్తుంటుందమ్మా. ఈ విషయంలో మనం నోరు విప్పాలి. తల్లులు నలుగురూ తలా కొంచెం వేసుకుని తరగతికి రెండు మూడు ప్రతులు కొనిపెట్టవచ్చు. సికింద్రాబాదులోని ‘మంచి పుస్తకం’ వంటి సంస్థలు పిల్లల పుస్తకాలు తక్కువ ధరకే ఇస్తున్నాయి. ఆ పుస్తకాలు బీరువాలో తాళం వెయ్యకుండా, వంతులవారీగా ఇళ్ళకు పంపమని టీచరుగారిని అడగండి. వచ్చిన రచయితను కూడా ఒక్క కోరిక కోరండి, సగం సేపు ఆయన చెప్పాలి, మిగతా సగం పిల్లలు చెప్పాలి.

సాయంత్రం పిల్లవాడు ఇంటికొచ్చాక సంతకం ఏదీ అని అడక్కండి. నువ్వేం కథ చెప్పావురా అని అడగండి. వంటింట్లో మన చేతులు పనిలో ఉన్నా చెవులు ఖాళీయేగా!