ఆరడుగుల వంటగది



పెరడూ వసారా ఉన్న పాత ఇల్లు వదిలి ఈమధ్యనే మేము రెండు గదుల ఫ్లాటులోకి మారాం. వంటగది చూడ్డానికి వచ్చిన ఇరుగుపొరుగు అమ్మలక్కలంతా ముచ్చటపడ్డారు. గోడ పొడుగునా ఒకే రంగు తలుపులు, లాగితే వచ్చే సొరుగులు, చెంచాలకో అర, గరిటెలకో అర. మా అత్తయ్య ఒక్కరే గుమ్మంలో నిలబడి అటూ ఇటూ చూసి, "బాగానే ఉందిగానీ, నేనెక్కడ కూచోనే అమ్మాయ్?" అన్నారు. నిజమే. చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఆవిడ పీట వేసుకునే చోటు ఆ గదిలో లేదు. అసలు ఇలాంటి వంటగది మొదట ఎవరు కట్టారా అని చదవబోతే, కథ జర్మనీ దాకా పోయింది.

మొదటి ప్రపంచ యుద్ధం 1918లో ముగిశాక జర్మనీ పట్టణాల్లో ఇళ్లకు కరువొచ్చింది. కూలినాలి చేసుకునే కుటుంబాలు ఎన్నిటికో వంటా, భోజనమూ, స్నానమూ, పడకా అన్నీ ఒక్క గదిలోనే. ఫ్రాంక్‌ఫర్ట్ నగరం 1925లో ఎర్న్‌స్ట్ మే అనే ఆర్కిటెక్టుకు కొత్త ఇళ్లు కట్టించే పని అప్పగించింది. ఆయన పిలుపు మీద మరుసటి ఏడాది వియన్నా నుంచి మార్గరెటె లిహోట్‌స్కీ అనే ఆమె వచ్చి చేరింది. అప్పటికామె వయసు 29 ఏళ్లు. ఆడవాళ్లు ఇళ్ల ప్లాన్లు గీయడం అరుదైన రోజులవి.

ఇళ్లు చిన్నవి, ఖర్చు తక్కువలో కావాలి. ఆమె చూపు రైలు మీద పడింది. రైలు భోజనాల పెట్టెలో, ఇంత ఇరుకు చోట నిలబడి, అంతమందికి వండి పంపుతున్నారు కదా! అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆమె 1913లో వేసిన పుస్తకం కూడా అప్పటికి జర్మన్ భాషలోకి వచ్చింది. ఇంటి పనిలో ఇల్లాలు వేసే అడుగుల్ని లెక్కపెట్టాలి, వృథా అడుగుల్ని తగ్గించాలి అన్నది అందులో సంగతి. లిహోట్‌స్కీ గడియారం చేతబట్టి ఏ పనికెంత సేపు పడుతోందో కొలిచి, 6 అడుగుల పైచిలుకు వెడల్పూ, 11 అడుగుల పైచిలుకు పొడుగూ ఉన్న వంటగది గీసింది. దానికే ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది అని పేరు.

ఆ సర్దుబాటు చూస్తే మీకూ ముచ్చటేస్తుంది. కిటికీ కింద తరిగే బల్ల, దాని ముందు గుండ్రంగా తిరిగే స్టూలు. గోడకు మడిచి పెట్టే ఇస్త్రీ చెక్క. దీపం పైకప్పుకు బిగించిన కడ్డీ మీద ఎటు కావాలంటే అటు జరుగుతుంది. పంచదారకూ, బియ్యానికీ, ఇతర దినుసులకూ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు. లాగి చేత్తో పట్టుకుని నేరుగా గిన్నెలోకి వంపుకోవచ్చు, తవ్వా సోలా అక్కర్లేదు. పిండికి మాత్రం ఓక్ చెక్క పెట్టె, ఆ చెక్కకు పురుగు చేరదని. మనం బియ్యంలో వేపాకు వేస్తాం, కందిపప్పుకు ఆముదం పట్టిస్తాం, అలాంటిదే అనుకోండి. తలుపులకు నీలం కలిసిన ఆకుపచ్చ రంగు వేయించడం కూడా అందం కోసమే కాదు. ఆ రంగు మీద ఈగలు వాలవని అక్కడి పరిశోధకులు చెప్పారట. పక్క గదికి జరిపే తలుపు పెట్టింది, పొయ్యి దగ్గర నుంచే పిల్లల్ని చూసుకోవచ్చని.

ఇంతా చేసిన ఆమెకు అప్పటికి వంట రాదు! ఇల్లు నడిపిన అనుభవమూ లేదని తరువాత తనే చెప్పుకుంది. ఇల్లాలి చాకిరీ తొందరగా తెమలాలి, మిగిలిన పొద్దు ఆమెది కావాలి, అదీ ఆమె తలపు. ఆ తలపుకు నేను దణ్ణం పెడతాను. కానీ గరిటె పట్టిన చెయ్యి అయితే ఒక్క సంగతి మరిచేది కాదనిపిస్తుంది. వంటింట్లో మనిషి ఒక్కతే ఉండదు.

అలాంటి వంటగదులు సుమారు 10,000 కట్టారు. కాపురానికొచ్చినవాళ్లు మెచ్చుకున్నారు, సణుక్కున్నారు కూడా. రెండో మనిషి వస్తే తిరగడానికి చోటు చాలదు. అంతా గోడకు బిగించినదే కనుక ఏదీ జరపడానికి లేదు. సొరుగులు కిందనే ఉండడంతో చిన్నపిల్లల చేతికి సులువుగా అందేవి. వాటి మీద ఒక పేరుంటే లోపల మరొకటి పోసుకునేవారట. ఇది చదివి నేను నవ్వాపుకోలేకపోయాను. మా ఇంట కాఫీపొడి అని రాసున్న డబ్బాలో మెంతులుంటాయి, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. వస్తువు ఎక్కడుండాలో ప్లాను గీసినవాళ్లు కాదు, రోజూ తీసుకునే చెయ్యి చెబుతుంది.

లిహోట్‌స్కీ బతుకు ఆ వంటగదితో అయిపోలేదు. హిట్లరు పాలనను ఎదిరించే రహస్య దళంలో చేరి 1941లో వియన్నాలో పట్టుబడింది. పదిహేనేళ్ల శిక్ష పడింది, 1945లో విడుదలైంది. 2000లో, 103వ పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు కన్నుమూసింది. ఎవరు కలిసినా ఆ వంటగది మాటే ఎత్తుతారని ముసలితనంలో విసుక్కునేదట. తరువాతి కాలంలో ఇళ్లవాళ్లు ఆ సొరుగుల్నీ బల్లల్నీ చాలా చోట్ల పీకి పారేశారు. మిగిలినవి లండన్, న్యూయార్క్ మ్యూజియముల్లో చేరాయి. ఇప్పుడు మన ఫ్లాట్లలో వడ్రంగులు బిగించిపోయే వంటగదులకు పూర్వీకురాలు అదేనంటారు.

నేను వడ్రంగిని మళ్లీ పిలిచాను. కిటికీ పక్కనున్న కింది అలమరకు తలుపులూ, లోపలి అరలూ తీయించేశాను. అతనికి నచ్చలేదు, వరుస చెడిపోతుందన్నాడు. చెడింది కూడా, తీసిన పళ్లులా అక్కడొక సందు కనిపిస్తుంది. అందులోని సామాను అటకెక్కింది. ఆ సందులోకి కాళ్లు పెట్టుకుని అత్తయ్య చిన్న స్టూలు మీద కూచుంటారు, పనయ్యాక స్టూలు లోపలికి తోసేస్తాం. పోపు వేయడానికి నేనటు తిరిగితే ఆవిడ మోచెయ్యి తగులుతుంది. "కాస్త చూసుకోవే" అంటారు. మెంతులు మాత్రం కాఫీ డబ్బాలోనే ఉన్నాయి.